యేసేపు మామ తుడిచిన రాళ్లు

తుగ్గలి చుట్టుపక్కల తొలకరి పడగానే జనం వజ్రాల కోసం చేలల్లోకి పరుగెత్తుతారు. వానకు పైమన్ను కొట్టుకుపోతేనే రాయి బయటపడుతుందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకమంటే నాకు ఒళ్లు మంట. మా సంతోషమ్మత్తకు మాత్రం కోపం రాదు, నవ్వొస్తుంది.

అత్తావాళ్లకు గుట్ట కింద రెండెకరాల ఎర్రచేను ఉంది. గుట్టమీది చెట్లు ఎప్పుడో ఇటుకబట్టీల పాలయ్యాయి. చేని గట్టున మిగిలిన తంగేడు పొదల్ని, రెండు వేపచెట్లను అత్త మొగుడు యేసేపు మామే నరికాడు. నీళ్లకు అడ్డం లేకపోతే వజ్రం తొందరగా తేలుతుందట! మూడు వానాకాలాలు పోయాయి. తేలినవి గులకరాళ్లే. చేను మధ్యలో నడుము లోతు కోత పడింది. నిరుడు, మేం బుడ్డలనే వేరుశనగ మొక్క పీకితే నాలుగు కాయలు. ఇంకో రెండు పెద్దవానలు పడితే కింద బండే మిగులుతుంది.

ఈ వేసవిలో అత్త అడిగింది. "చేనికి అడ్డంగా రాతికట్ట ఏద్దామా?"

"కట్టేస్తే మన్ను ఆడ్నే నిలుస్తాది. వజ్రం యాడ బయటపడేది?" అన్నాడు మామ.

"అట్లయితే గుట్ట కింది రాళ్లన్నీ నువ్వే ఏరుకొని రా. ఒక్కోటి తుడిచి సూసుకో. మెరిసేది నీది, మెరవంది కట్టది."

ఆశకు అంతులేదంటారు, నిజమే. కూలికి పిలిస్తే నడుము పట్టుకునే మనిషి, తెల్లారకముందే గుట్ట కింద ఉండేవాడు. రాయిని తువ్వాలుతో రుద్దడం, ఎండకు ఎత్తి చూడటం, తిట్టుకుంటూ అత్తకు అందివ్వడం. "ఇది కొంచెం మెరుస్తాంది సూడు" అని అత్త ఊరిస్తే మళ్లీ లాక్కుని రుద్దేవాడు. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. నెల తిరిగేసరికి మోకాలెత్తు కట్ట లేచింది. దాని వెంబడి అత్త తంగేడు గింజలు చల్లి వేపమొక్కలు నాటింది.

జూన్‌లో ఒక మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. ముగ్గురం తడుస్తూ కట్ట దగ్గరే నిలబడ్డాం. ఆ రోజు మాత్రం అత్త ముఖంలో నవ్వు లేదు, పైకే ప్రార్థన చేసింది. ఎర్రటి నీళ్లు ఉరికొచ్చి కట్టను కొట్టాయి, ఆగాయి, రాళ్ల సందుల్లోంచి తేటగా దిగిపోయాయి. వాన వెలిశాక చూస్తే కట్టకు ఎగువన జానెడు మెత్తటి ఒండ్రు! సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పక్కచేని కాశప్ప, నలుగురిని వెంటబెట్టుకుని వజ్రాల కోసం వచ్చాడు. కట్ట దాటబోతుంటే మామ కర్ర పట్టుకుని ఉరికాడు.

"కాశప్పా! ఆడ కాలు పెట్టొద్దు, మన్ను కదులుతాది!"

"వజ్రాలు ఎతుక్కుంటాం లేప్పా."

"వజ్రాలూ లేవు, గిజ్రాలూ లేవు. పోండప్పా, మేం ఈపొద్దు బుడ్డల ఇత్తనం ఏయల్ల!"

అత్త నవ్వు ఆపుకోలేక కట్టమీదే కూలబడింది.