గాలి మనుషులకే

మొన్నటి సంగతి మా ఆవిడ మీకు ఎలాగూ చెబుతుంది. ఆమె కలిపే మసాలా లేకుండా నేనే చెప్పడం మేలు. ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో ఒక కంప్యూటర్ నా బామ్మర్ది ముఖం మీద కుంకుమ ఊదింది. దాన్ని బిగించినవాడిని నేనే.

టీవీకి తగిలించుకుని కార్ల పందేలు ఆడుకునే కంప్యూటర్ ఒకటి హాలులో కావాలని మా అమ్మాయి అడిగింది. బోనకల్ నుంచి వచ్చి ఉన్న బామ్మర్ది వెంకటేశ్వర్లు వెంటనే తీర్పు చెప్పేశాడు.

"రెడీమేడ్‌ది తెచ్చుకో బావా. డబ్బా విప్పుడు, వైరు పెట్టుడు, ఆడుడు. అయిపాయె!"

"విడిభాగాలు తెచ్చి అసెంబుల్ చేస్తే మనకు కావలసినట్టు ఉంటుంది. నేను ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాను."

"అవ్, ఎరుకే. పెండ్లికి పోయినా, పేరంటానికి పోయినా నువ్వు చెప్పేది గదే గద! సరే, ఒక ఒప్పందం. నువ్వు బిగించింది సక్కగ నడిస్తె నేను నోరు మూసుకుంట. తేడా వచ్చిందో, ఇగ నా ముంగట ఫిజిక్స్ ముచ్చట ఎత్తొద్దు."

నేను మితభాషిని. నా మాటల్లోంచి ఫిజిక్స్ తీసేస్తే మిగిలేది "ఊఁ" ఒక్కటే. అయినా ఒప్పుకున్నాను!

అన్నీ సక్రమంగానే బిగించాను. కేబినెట్ ముందువైపు ఫ్యాను దగ్గర మాత్రం కొంత ఆలోచించవలసి వచ్చింది. గాలి ఎటు పోతుందో చూపే బాణం గుర్తు దాని అంచున ఉంది. ఆ బాణం పెట్టె లోపలికి ఉండాలా, బయటికా? ఖమ్మం వేసవిలో గాలి ఎవరికి కావాలి? మనుషులకు. బాణాన్ని సోఫా వైపు తిప్పి స్క్రూలు బిగించాను.

కొత్త వస్తువు కదా అని మా ఆవిడ ఫ్యాను ముందున్న జాలీకి పసుపు రాసి, కుంకుమ దండిగా అద్దింది. తెల్లచొక్కా వేసుకొచ్చిన వెంకటేశ్వర్లు "బటన్ ఏడుంది?" అంటూ జాలీ దగ్గరికి వంగాడు. నొక్కాడు.

బుస్సుమంది!

"అయ్యో తమ్ముడూ, కళ్లు మూసుకో!"

"అంతా పడ్డంక ఇంకేం మూసుకునుడే అక్కా! బావా, ఏంది గిది? కంప్యూటర్ పెట్టినవా, జాతర పెట్టినవా?"

మా అమ్మాయి నవ్వు ఆపుకుంటూ జాలీలోంచి చూసింది. "నాన్నా, ముందువైపు ఫ్యాను గాలిని లోపలికి లాగాలి. మీది బయటికి తోస్తోంది."

వెంకటేశ్వర్లు ముఖం కడుక్కొని వచ్చి, ఎర్రచొక్కా అయిన తెల్లచొక్కాతోనే సోఫాలో కూర్చున్నాడు. టీవీలో కార్లు మాత్రం బ్రహ్మాండంగా పరుగెత్తుతున్నాయి. ఆ మాట నేను అనబోయేలోపే అతను చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"అవును గానీ బావా, ఈ గాలి గింత వేడిగ ఎందుకొస్తున్నది?"

లోపల ప్రాసెసర్ వేడెక్కడం, ఆ వేడి గాలిలోకి చేరడం... సమాధానమంతా నాలుక మీదే ఉంది. బొమ్మ గీసి మరీ చెప్పగలను. కానీ ఒప్పందం ఒప్పందమే.

"తెలియదు" అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "అమ్మయ్య! పెళ్లయిన ఇన్నేళ్లకు ఆ మాట మీ నోట విన్నాను!"