పప్పు ఉడికేదాకా ఆగిన తలుపు

తాండూరు జంగప్ప తలుపు వేసుకుని లోపల కూర్చుంటే, సాక్షాత్తూ అగ్నిదేవుడే వచ్చి గొళ్ళెం తట్టి, "అయ్యా, లోపలికి రావచ్చునా?" అని అడిగి, జవాబు రాకపోతే చెప్పులు చేతపట్టుకుని వెనక్కి పోయేవాడు. అబద్ధమనుకునేవాళ్ళు కరణ్‌కోట దాకా పోయి అడగవచ్చు. అక్కడ ఇంతకు రెట్టింపు చెబుతారు.

జంగప్పది బొంరాస్‌పేట దగ్గర గొర్రెల కాపరుల ఇల్లు. ఆయనకు మాత్రం గొర్రెలంటే పడదు. వాటి వాసన పడదు, అరుపు పడదు, అవి తన మొహంలోకి చూసే చూపు అసలే పడదు. రజాకార్ల గొడవ సద్దుమణగగానే మందను బామ్మర్ది శంకరప్పకు అప్పగించి, భార్య హన్మమ్మను వెంటబెట్టుకుని వచ్చి తాండూరు స్టేషను పక్కన వడ్రంగం దుకాణం పెట్టాడు. శంకరప్ప సంతకు వచ్చినప్పుడల్లా దుకాణం ముందు ఆగేవాడు.

"బావా, కట్టె కోసుడు మన ఇంటా వంటా లేదు. మంద నీ కోసం బెంగటిల్లింది."

ఆ రోజుల్లోనే కిష్టప్ప సేటు ఊళ్ళో సినిమా హాలు కట్టించాడు. అప్పటి ఫిల్ము అగ్గిపుల్ల కన్నా తొందరగా అంటుకునేది. మిషను గదికి మంటను ఆపే తలుపు, బొమ్మ పడే కంతకు వేడి తగిలితే దానంతటదే మూతపడే రేకు ఉంటే తప్ప హాలు తెరవనివ్వరు. సేటు పట్నం నుంచి తలుపు తెప్పించబోతుంటే జంగప్ప అడ్డం పడ్డాడు.

"నేను జేస్త సేటూ. నా తలుపు ఆగకుంటే దుకాణం మూసి మల్ల గొర్లెనక పోత."

పక్కనే ఉన్న శంకరప్ప గొర్రెలు తోలే తన కర్ర బావ చేతికిచ్చి, "పొడుగు సరిపోతదా సూస్కో" అన్నాడు.

తలుపుల్ని జంగప్ప మూడు దర్జాలుగా విడగొట్టాడు. మంట పెడితే బీడీ కాలేంతసేపు ఆగేది బీడీ తలుపు. చాయ్ మరిగేదాకా ఆగేది చాయ్ తలుపు. ఆ మంట మీదే కుండ పెట్టి, కందిపప్పు మెత్తగా ఉడికేదాకా ఆగేది పప్పు తలుపు. కట్టెలు దండగ చేయనివ్వదు కాబట్టి ప్రతి పరీక్షా హన్మమ్మ వంటతోనే. తలుపు మధ్యలో కాలిపోతే ఆ పూట పచ్చిపులుసు. ఇంటిల్లిపాదీ పచ్చిపులుసు తాగి తాగి, పిల్లి కూడా పక్కింటికి మారిపోయింది.

రెండు ఇనుప రేకుల మధ్య ఏం కుక్కినా లాభం లేకపోయింది. రంపపు పొట్టు అంటుకుంది. ఇసుక అడుగుకు జారింది. తలుపు పరీక్షించడానికి పట్నం నుంచి ఇన్‌స్పెక్టరు రేపు వస్తాడనగా జంగప్ప చుట్టూ చూశాడు. మూలన శంకరప్ప మరిచిపోయిన పాత గొంగడి కనిపించింది. దాన్ని మడిచి, తడిమట్టి మెత్తి, రేకుల మధ్య దిగ్గొట్టి మేకులు బిగించాడు. ఎవరికీ చెప్పలేదు. తన తలుపులో గొర్రె బొచ్చుందని తెలిస్తే శంకరప్ప ముందు తలెత్తుకోగలడా?

మర్నాడు హాలు వెనక, నాపరాళ్ళతో కట్టిన చిన్న గదికి ఆ తలుపు, గోడలోని కంతకు మైనంతో నిలబెట్టిన రేకు బిగించారు. లోపలి గడియ మీద వెన్నముద్ద పెట్టారు. అది కరిగితే తలుపు ఓడినట్టే అన్నాడు ఇన్‌స్పెక్టరు. వెన్నకు కాపలాగా నేనుంటానని జంగప్ప లోపలికి దూరాడు.

"హన్మీ, పప్పు ఉడికేదాక తియ్యనియ్యకు. నేనే ఒర్లినా తియ్యనియ్యకు."

తలుపుకు ఆనించి మంట పెట్టారు. మంట మీద కుండ ఎక్కింది. జంగప్ప కంతలోంచి మొహం పెట్టి ఎగతాళి మొదలుపెట్టాడు.

"బామ్మర్దీ, నీ గొర్లకు జెప్పు, మీ జంగప్ప ఇగ రా..."

రేకును పట్టి ఉంచిన మైనం కరిగింది. రేకు టప్పున పడింది. మాట అక్కడికే తెగింది.

కాసేపటికి వాసన లేచింది. మేకతల కాల్చేటప్పుడు వచ్చే కమురు వాసన. జనం మొహాలు చూసుకున్నారు.

"అక్కా," అన్నాడు శంకరప్ప, "బావ కమురుతుండు."

హన్మమ్మ గుండెలు బాదుకుంది. "ఓ నా పెనిమిటో! గొర్లు కాస్కుంట బతికినా బాగుండు గదనో!" అని రాగం తీస్తూనే పప్పు కలిపింది, ఉప్పు వేసింది. ఇన్‌స్పెక్టరు చెమటలు కక్కుతూ తలుపు మీదికి ఉరికాడు. ఆమె గరిటె అడ్డం పెట్టింది.

"జర ఆగు సారూ! పప్పు ఇంక పలుకు మీదుంది."

"మనిషి పోతున్నాడమ్మా!"

"మనిషి ఎట్లాగూ పాయె. తలుపన్న నిలవడనీ!"

పప్పు మెదిగింది. పొడుగాటి కట్టెతో మంట పక్కకు నెట్టి తలుపు తీశారు. జంగప్ప గోడకానుకుని గురక పెడుతున్నాడు. గడియ మీద వెన్న లేదు.

"కరిగిపోయింది. ఫెయిల్," అన్నాడు ఇన్‌స్పెక్టరు దిగులుగా. శంకరప్ప బావ చేతికిద్దామని మెల్లగా కర్ర వెతుక్కున్నాడు.

హన్మమ్మ మొగుడి మొహం దగ్గరికి వంగింది. మీసం తెల్లగా ఉంది. "వెన్న ఏడికి పాయె?"

జంగప్ప కళ్ళు నులుముకున్నాడు. "ఆకలైంది."

ఇన్‌స్పెక్టరు తెలివైనవాడు. తలుపు మూయించి, మంటను మళ్ళీ దానికి ఆనించి, గడియ మీద ఇంకో ముద్ద పెట్టాడు. ఈసారి కాపలాకు తనే కూర్చున్నాడు. హన్మమ్మ రెండో కుండ పప్పు వండాల్సి వచ్చింది. ముద్ద అంచు కూడా తడవలేదు. హాలు తెరుచుకుంది. తర్వాత వికారాబాదులో హాలు కట్టినప్పుడు కూడా తలుపు జంగప్పదే. శంకరప్ప కర్ర బావ దుకాణంలో గజంబద్దగా స్థిరపడింది.

ఏళ్ళు గడిచాక మర్పల్లి నుంచి వచ్చిన ఒకాయన చేతులు జోడించి అడిగాడు: "జంగప్పా, నిన్ను జూసి అగ్గిదేవుడు చెప్పులు చేతవట్టుకోని పోయిండంట, నిజమేనా?"

జంగప్ప గొంగడి మడత పెడుతూ తల కూడా ఎత్తలేదు.

"నేనేం జెయ్యలే. వెన్న తిని పండుకున్న. ఆపింది మా బామ్మర్ది గొర్ల బొచ్చు."