మామగారి పాలు తాగిన పిల్లి

పరువు గంగలో కలవాలంటే కాశీ దాకా పోనక్కర్లేదండీ. నాకు నెల్లూరు ఆస్పత్రిలో ఒక్క ఎనామిల్ గ్లాసు సరిపోయింది. అప్పటికి పెళ్లయి నిండా మూడు నెలలు కాలేదు. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, నవ్వకుండా వినండి. నవ్వితే మాత్రం నేనేం చేయగలను?

అరవైల మొదట్లో మాట. మా మామగారిది కొడవలూరు. ఆయన గట్టు మీద నిలబడి ఒక్క కేక వేస్తే పక్కవాళ్ల పొలంలో కూలీలు కూడా గబగబా నాట్లు వేసేవారట. అంత గొంతున్న మనిషికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒక్కసారే పోయాయి. మింగడం కూడా పోయింది. నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుందని, డాక్టరుగారు ముక్కులోంచి కడుపులోకి ఎర్ర రబ్బరు గొట్టం వేయించారు. ఆయన అన్నం, నీళ్లు అన్నీ అందులోంచే. మళ్లీ మాట వస్తుందో రాదో ఎవరూ చెప్పలేదు.

మా ఊరు బుచ్చిరెడ్డిపాలెం నుంచి బస్సెక్కి, మండుటెండలో, ఖాళీ కడుపుతో ఆయన్ని చూడబోయాను. అత్తగారు కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతున్నారు. మామగారి మంచం పక్కన బల్ల మీద మూత పెట్టిన గ్లాసు ఉంది.

ఇక్కడ నా జబ్బు సంగతి చెప్పాలి. కొత్త అల్లుణ్ణి కదా, అత్తారింట్లో ఎక్కడ కూర్చుంటే అక్కడికి ఏదో ఒకటి తినడానికి వచ్చేది. దాంతో, లోకంలో మూత పెట్టిన పాత్ర ఏదైనా సరే నా కోసమేనని నమ్మడం అలవాటైపోయింది. మూత తీశాను. గోరువెచ్చటి పాలు, పంచదార, అందులో గుడ్డు కొట్టి కలిపారు. కొత్త అల్లుడికి పాలలో గుడ్డు ఎందుకు కొట్టిస్తారో నాకు తెలుసు, మీకూ తెలుసు. సిగ్గుపడ్డాను. సిగ్గుపడుతూనే గటగటా తాగేసి, మర్యాదగా మూత పెట్టాను.

మామగారు కళ్లు ఇంతింత చేసుకుని చూస్తున్నారు. ఆప్యాయత అనుకున్నాను.

"బాగుండాయి మామా," అన్నాను.

అంతలో ఆ వార్డు నర్సు కరుణమ్మ సిస్టర్ గాజు గరాటు పట్టుకుని వచ్చింది.

"ఏమయ్యా, ఈడ పెట్టిన పాలేవి?"

"ఏం పాలు సిస్టర్?"

"గొట్టంలో పోసేదానికి వడగట్టి పెట్టినానే, మీ మామ పాలు!"

కడుపులో గుడ్డు పిల్లయి అరిచినంత పనయింది. నోటికొచ్చింది అనేశాను.

"పిల్లి తాగింది సిస్టర్."

"తాగి, మళ్లా మూత పెట్టి పోయిందా?"

"బుద్ధిగల పిల్లి సిస్టర్."

"దానికి మీసాలుండాయా?"

"పిల్లి కదా, ఉంటాయి."

"వాటికి నురగ అంటుకోనుండాదా?"

చేయి దానంతటదే నా మీసం మీదకు పోయింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడలేదనుకుంటుందట. నేను అంతకంటే ఘనుణ్ణి. కళ్లు తెరుచుకుని, మామగారి కళ్లలోకి చూస్తూ తాగాను.

"నేనెవురికీ చెప్పన్లే," అంది సిస్టర్. "మాటొచ్చినాక మీ మామే చెప్పుకుంటాడు. ముందు పాలు, గుడ్లు పట్టుకరా, పరిగెత్తు! ఆకలైతే అడిగేదానికి నోరు గూడా లేదు ఆ మనిషికి."

ఆ మాట నిజంగా గుచ్చుకుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే విన్నాం గానీ, మామ కూడు అల్లుడు తాగడం ఎక్కడైనా ఉందా? బజారంతా పరిగెత్తాను. సిస్టర్ మళ్లీ కలిపి, ఆయన్ని తలెత్తి కూర్చోబెట్టించి, గొట్టం కడుపులోనే ఉందని చూసుకుని, నిదానంగా పోసింది. వీపు పట్టుకుంది నేనే. ఆయన చూపు మాత్రం నా మీసం మీదే.

అప్పుడొచ్చారు అత్తగారు. మామగారు ఎడమ చేయి ఎత్తి నన్ను చూపించారు, గ్లాసును చూపించారు, "ఊ! ఊ!" అన్నారు.

అత్తగారికి కళ్లనీళ్లు ఆగలేదు. "అబ్బయ్యా, చూసినావా! నీకేమన్నా తాగేదానికి ఇమ్మంటా ఉండాడు! ఇట్టా పడి కూడా అల్లుడి మర్యాద మరవలేదే!"

వెంటనే నాకు పెద్ద గ్లాసుతో కాఫీ వచ్చింది. మామగారు ఇంకా గట్టిగా "ఊ!" అన్నారు. ఇడ్లీలు కూడా వచ్చాయి.

ఇక చూడండి నా అవస్థ. నన్ను చూస్తే ఆయనకు హుషారొస్తుందని ప్రతివారం కబురు. వెళ్లినప్పుడల్లా ఆ చేయి లేచేది, బంధువులంతా పొంగిపోయేవారు. ఆయనకు మాట రావాలని రంగనాయకస్వామికి మనస్ఫూర్తిగా మొక్కుకున్నాను. వచ్చాక వేరే సంగతి ఎత్తాలని ఇంకో మొక్కు మొక్కుకున్నాను.

స్వామి మొదటి మొక్కు మాత్రమే ఆలకించాడు. డాక్టరుగారు చెంచాడు నీళ్లు, తర్వాత చిక్కటి రాగిజావ మింగించి చూశారు. దగ్గు రాలేదు. ఇంకొన్నాళ్లకు గొట్టం తీసేశారు. ఆ రోజు మంచం చుట్టూ బంధువులు, నా భార్య కూడా. నేను స్తంభం చాటున ఉన్నాను. మామగారు జావ మింగి, పెదవులు తడుపుకుని, నన్ను వెతికి పట్టుకుని చేయెత్తారు.

"అ... అల్లుడు..."

అత్తగారు భోరుమన్నారు. "ఇన్నావా అమ్మే! మొదటి మాట అల్లుడే!"

అందరూ నాకేసి దేవుణ్ణి చూసినట్టు చూశారు. గండం గడిచిందేమో అనుకున్నాను. ఆయన ఊపిరి పీల్చుకుని మిగతాది పూర్తి చేశారు.

"తాగినాడు... నా పాలు. పిల్లి... కాదు."

ముందు కరుణమ్మ సిస్టర్ నవ్వింది. తర్వాత నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. చివరికి మామగారే నవ్వారు, సగం నోటితో. ఆ సగం నవ్వులోనే గట్టు మీది పాత కేక వినబడింది. నా పరువు పోయిన మాట నిజమే గానీ, ఆ కేక విన్నాక దాని గురించి ఎవరికి బెంగ?

అందుచేత రంగనాయకస్వామి పాదాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మూత పెట్టిన గ్లాసు ఎక్కడ కనబడినా, చుట్టుపక్కల ఎవరి ముక్కులోనూ గొట్టం లేదని చూసుకోనిదే ముట్టను. సొంతింట్లో కూడా అంతే. మా ఆవిడ పాలు తెచ్చిపెట్టి, "ఇవి పిల్లికే," అని నోరారా చెబితేనే తాగుతాను.