ఎడమకి తిప్పమంటే రైట్ అన్నాను

మా వైపు మేనమామ ఒడిలో కూర్చోబెట్టకుండా పిల్లలకు చెవులు కుట్టరు. పుట్టువెంట్రుకలు తీయడానికీ మేనమామే ఉండాలి. రెండేళ్ళ కిందట మా చెల్లెలు సుజాత కూతురి పుట్టువెంట్రుకలకి నేను అందలేకపోయాను. అందుకే ఈసారి బంగారుపాళ్యంలో చెవులు కుట్టే ముహూర్తం పదిన్నర, పదకొండున్నర మధ్య అని తెలియగానే సెలవు పెట్టేశాను. ఈసారీ రాకపోతే నువ్వు నాకు అన్నవే కావని చెల్లెలు ఫోన్లో చెప్పింది. నవ్వుతూ చెప్పలేదు.

అప్పుడు రాలేకపోయినందుకు నేను చెప్పిన కారణం ఒక్కటే, కంట్రోల్ టవర్. నేను గల్ఫ్‌లో ఒక విమాన సంస్థలో కో-పైలట్‌ని. విమానం ఎటు తిరగాలో, ఎప్పుడు దిగాలో కంట్రోలర్ రేడియోలో చెబుతాడు. విదేశాల్లో వాళ్ళతో పడే పాట్లు పగవాడికి కూడా వద్దు. ఒకాయన నోట్లో జిలేబీ పెట్టుకున్నట్టు మాట్లాడతాడు. ఇంకొకాయన 'స్టాండ్‌బై', అంటే కాస్త ఆగమని చెప్పి మనల్ని మరిచేపోతాడు. మెల్లగా రమ్మని, పది నిమిషాల తర్వాత ఎందుకంత మెల్లగా వస్తున్నారని విసుక్కునేవాడు మరొకడు. ఆ రోజు ఐరోపాలో ఒక కంట్రోలర్ మమ్మల్ని దిగే విమానాల వరసలోంచి తప్పించి ముప్పావు గంట ఆకాశంలోనే తిప్పాడు. దిగేసరికి, సెలవు మీద అక్కణ్ణుంచి నేనెక్కాల్సిన చెన్నై విమానం వెళ్ళిపోయింది. ఇది విని చెల్లెలు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన ఎందుకు తిప్పాడో మాత్రం నేను చెప్పలేదు.

ఈసారి ముందురోజే తిరుపతి చేరి, పాపకి కమ్మలు కొన్నాను. పొద్దున ఆరున్నరకి చిత్తూరు బస్సు ఎక్కాను. కండక్టర్ తలుపు మీద రెండు దెబ్బలేసి "రైట్, రైట్" అనగానే బస్సు కదిలింది. చిన్నప్పటి నుంచి చెవిలో పడ్డ మాట అది. బస్సుల్లో పెరిగిన మాకు రైట్ అంటే కుడి కాదు, సరే పోనీ అని. ఎనిమిదిన్నరకి చిత్తూరులో దిగి, బస్టాండు బయట ఇడ్లీ తిని, తొమ్మిదింపావుకి బంగారుపాళ్యం బస్సు పట్టుకున్నాను. మామూలుగా ముప్పావు గంట ప్రయాణం.

అది జూన్ నెల అన్న సంగతి నాకు తట్టలేదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందు కాయల లారీలు, ట్రాక్టర్లు రోడ్డంతా నిలబడి ఉన్నాయి. ఎర్ర తువ్వాలు, విజిల్ పట్టుకున్న వాచ్‌మన్ ఒకాయన వాటిని ఒక్కొక్కటే లోపలికి పంపుతున్నాడు. పదిన్నర దాటాక ఉండబట్టలేక బస్సు దిగి, ముహూర్తం సంగతి ఆయనకి చెప్పుకున్నాను.

"రోంత ఉండప్పా. ఆ లారీ లోపలికి దూరితేనే గదా నీకు దోవ ఉండేది" అన్నాడు.

ఎంతసేపని అడిగితే దూరేదాకా అన్నాడు. నడిచిపోదామంటే ఇంకా నాలుగు కిలోమీటర్లుంది. స్వదేశంలోనూ స్టాండ్‌బై తప్పలేదని నన్ను నేనే తిట్టుకున్నాను. పదకొండుకి పది నిమిషాలుందనగా ఆయన తువ్వాలు ఊపి రైట్ అన్నాడు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి పదకొండుంపావు. చెల్లెలు పాపని తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. చెవులు కుట్టే ఆచారి బంగారు తీగ చేతిలోకి తీసుకున్నాడు. చెల్లెలి అత్తగారు పక్కనుంచి, ఆడబిడ్డ గదా, ముందు ఎడమ చెవి అని గుర్తుచేసింది.

"రైట్, రైట్" అన్నాడు ఆచారి.

"రైట్ కాదు, లెఫ్ట్!" అని అరిచాను, పాప తలని రెండు చేతులా పట్టుకుని. అందరూ నా వంక చూశారు.

"నేననిందీ అదే గదప్పా. రైటంటే సరే అని. ఎడమ చెవే కుడతాండా" అన్నాడు ఆచారి.

నాకు సిగ్గేసింది, వెంటనే నవ్వొచ్చింది. ఆ రోజు జరిగింది ఇదేనని చెల్లెలితో చెప్పేశాను. కంట్రోలర్ ఎడమకి తిరగమంటే, అలవాటు కొద్దీ నేను "రైట్, రైట్" అన్నాను. మేం తిప్పింది ఎడమకే. మేం కుడికి, పక్క విమానం మీదికి పోతున్నామనుకుని ఆయన హడలిపోయి, మమ్మల్ని వరస చివరికి తోశాడు.

"అయితే ఆ దొరను రెండేండ్లు ఊరికే తిట్టించినావు గదన్నా" అంది చెల్లెలు. అప్పటికి ఆచారి ఎడమ చెవి కుట్టేశాడు, పాప ఏడుపు అందుకుంది, మేమిద్దరం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతున్నాం.

ఒళ్ళో మూడేళ్ళ పిల్ల ఉంటేనే నేనంత గట్టిగా అరిచాను. ఆ రోజు ఆ కంట్రోలర్ చేతిలో ఎన్ని విమానాలున్నాయో, ఎన్ని ప్రాణాలున్నాయో! ఇప్పుడు రేడియోలో ఎవరు విసుక్కున్నా నాకు కోపం రాదు. ఆ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: మామిడి రోజుల్లో చిత్తూరు నుంచి గంటన్నర ముందే బయలుదేరండి. కండక్టర్ రైట్ అన్నప్పుడు మాత్రం కుడివైపు చూడకండి.