మునిరాజు పంపని రిపోర్టు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను ఆటపట్టించేవాణ్ణి. ఫోన్లకు యాప్‌లు రాయడం నా పని. ఏది జరిగినా దానికో కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని నమ్మే మనిషిని. ఇది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

కుందలహళ్ళిలో, లిఫ్టులు మరమ్మతు చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. లిఫ్టు గుంతల్లో సిగ్నల్ ఉండదు. అందుకని మెకానిక్ రాసిన రిపోర్టును ఫోన్లోనే దాచి, బయట సిగ్నల్ తగలగానే ఆఫీసుకు పంపే యాప్ రాశాను.

మా సీనియర్ మెకానిక్ మునిరాజుగారి ఫోన్ బ్యాటరీ ఉబ్బింది. దాన్ని షాపులో తీయించి, ఫోన్‌ను నా సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆయనకు వేరే ఫోన్ ఇచ్చారు.

పన్నెండు రోజుల తర్వాత, ఉదయం పదకొండింటికి, ఆ పాత ఫోన్ పేరు మీద రిపోర్టు వచ్చింది. కాడుగోడిలో ఒక అపార్ట్‌మెంట్. ‘రోపు తెగతా ఉండాది. లిఫ్టు నిలపండి.’ కింద ఫొటో. పోగులు తెగిన ఇనుప తాడు, దాన్ని పట్టుకున్న ఒక చెయ్యి.

నాలుగో అంతస్తు ప్లేస్కూల్ పిల్లలు పన్నెండింటికి ఆ లిఫ్టులోనే దిగుతారు. వెంటనే వాచ్‌మన్‌కు ఫోన్ చేసి ఆపించాను. తర్వాత మునిరాజుగారికి చేశాను.

“అన్నా, కాడుగోడిలో ఉన్నారా?”

“లేదప్పా, పొద్దున్నుంచి ఎలక్ట్రానిక్ సిటీలోనే ఉండాను. ఆ బిల్డింగు నేనెప్పుడూ చూసిందే లేదు.”

మధ్యాహ్నం ఇద్దరం వెళ్లాం. తాడు ఫొటోలో ఉన్నట్టే ఉంది. పోయిన నెల వేరే మెకానిక్ చేసిన తనిఖీలో అది బాగానే ఉంది.

సొరుగు తాళం వేసినట్టే ఉంది. ఫోన్‌కు కొత్త బ్యాటరీ వేయించి తెరిచాను. అందులో ఆ రిపోర్టు లేదు. ఎవరైనా ఆ ఫోన్ పేరుతో పంపారేమో అనుకుంటే, వేరే ఫోన్ నుంచి వస్తే యాప్ తీసుకోదు. నేను రాసిన కోడ్ నేనే ఎన్నిసార్లు చదివానో! ఆ వారమంతా ఒకచోట కూర్చోలేకపోయాను. అన్నం ముందు నుంచి కూడా లేచిపోయేవాణ్ణి.

చివరికి ఫొటో మునిరాజుగారికి చూపించాను. పెద్దది చేసి చాలాసేపు చూశారు. ఆ బొటనవేలి గోరు సగం లేదు. ఆయనకూ అంతే.

“చెయ్యి నాదే అప్పా. కానీ ఆ పొద్దున నేను ఆడికి పోలేదు.”

పాత ఫోన్ తిరిగి ఇస్తానంటే వద్దన్నారు.

ఆ రిపోర్టు టెస్ట్ డేటా అయ్యుంటుంది, డిలీట్ చేసెయ్ అని మేనేజరు రెండుసార్లు చెప్పాడు. అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. చెరిపేయడానికి మాత్రం చేతులు రావడం లేదు.