హుసేన్ రెడ్డి పెండ్లి సంబంధం

మొన్న మనవడి బడి దరఖాస్తు ఫోనులో నింపుతూ వాడి పేరు రియాంశ్ అని కొట్టానో లేదో, ఆ గడి పచ్చగా మారి పక్కన టిక్కు పడింది. పని సులువైందని సంతోషించాల్సింది పోయి, మా చిన్నాయన గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నెట్ సెంటరు బయట చెప్పులు విడిచి లోపలికి పోయే రోజులు మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో కర్నూలులో ఒక పెండ్లి సంబంధాల వెబ్‌సైటుకు నేనూ, కోస్తా నుంచి వచ్చిన సహోద్యోగీ పనిచేసేవాళ్ళం. పేజీలో కనిపించే తనిఖీ నాది. ఫోను నంబరులో అక్షరాలు కొట్టినా, వయసు ఖాళీగా వదిలినా అక్కడికక్కడే ఎర్రగా చెప్పేది. పాత కంప్యూటర్లలో అది ఒక్కోసారి పనిచేయదు, దాన్ని తప్పించుకునే గడుగ్గాయిలూ ఉంటారు కాబట్టి, లోపల సర్వరులో అన్నీ మళ్ళీ చూసే తనిఖీ ఆయనది.

ఓర్వకల్లు దగ్గర రాళ్ళ చేలల్లో పడి మా చిన్నాయనకు వయసు మీరిపోయింది. ఈసారి కుదరకుంటే ఇక పెండ్లి మాట ఎత్తొద్దని మా అవ్వకు ఖరాఖండిగా చెప్పేశాడు, అవ్వ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. అందుకే ఆయన వివరాలు నేనే నింపాను. పేరు హుసేన్ రెడ్డి, మతం హిందువు. నా పేజీ నోరెత్తకుండా ఒప్పుకుంది. మొహర్రానికి పీర్లను నిలిపే చావిడిలో మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టుకోవడం మా సీమలో ఏం వింత?

మా సహోద్యోగికి మాత్రం వింతే. ఇలాంటి పేరు పక్కన హిందువు అని ఉంటే ఎవరో పొరపాటు పడ్డారనుకుని, సర్వరే దాన్ని ముస్లిం అని దిద్దేసేలా రాసిపెట్టాడు మహానుభావుడు. తప్పనిపిస్తే తిప్పి పంపి అడగాలి గానీ మనుషుల మాటను మనం దిద్దేదేమిటని తర్వాత నేను పెట్టిన చీవాట్లు ఆయన మరిచిపోయి ఉండడు.

ఆత్మకూరు నుంచి అమ్మాయి తండ్రి వస్తున్నాడని కబురొస్తే, అవ్వ ఇల్లంతా అలికి బొరుగుల ఉగ్గాని, బజ్జీలు చేసింది. దిగింది బట్టల వ్యాపారం చేసే సాయిబు. సైటులో హుసేన్, ముస్లిం అని మాత్రమే చూసి వచ్చాడాయన, మేమేమో అమ్మాయి తరఫు పెద్దమనిషి అనుకున్నాం. వానల గురించీ, శనక్కాయల ధర గురించీ మాటలు బాగానే సాగాయి. నిఖా ఎప్పుడు పెట్టుకుందామని అడగబోతూ ఆయన గోడ మీది వెంకటేశ్వరస్వామి పటం చూశాడు, గొంతులో బజ్జీ అడ్డం పడింది. నీళ్ళ చెంబు పట్టుకుని చిన్నాయన పరుగెత్తాడు. సంగతంతా తెలిశాక అవ్వ ఇదీ పోయిందనుకుంది పాపం.

సాయిబు మూతి తుడుచుకుని నవ్వాడు. "పేరు మాది, మనిషి మీవోడు. ఊరికే యాడ పోతానమ్మా? మా వీధిలో రెడ్ల పిల్ల ఉండాది, శానా మంచిది, నేను మాట్లాడతా."

మాట్లాడాడు. ఆ పెండ్లిలో పెద్దమనిషిగా ముందు కూర్చున్నది ఆయనే, మా చిన్నమ్మ ఇప్పటికీ ఆయన్ను మామా అనే పిలుస్తుంది.

మనవడు పుట్టినప్పుడు చిన్నాయన, తన పేరు పెడితే బాగుంటుందేమోనని నసిగాడు. అందరికీ సంజాయిషీ చెప్పుకోలేమని నా కొడుకు కాదన్నాడు, ఆయన మళ్ళీ అడగలేదు. ఇప్పుడు మా ఇంటి పేర్లు ఏ ఫారంలోనైనా ఇట్టే దాటిపోతాయి. కానీ హుసేన్ అని కొట్టినా నా పేజీ ఏనాడూ ఎర్రబడలేదు, ఆ పేరు చూసి ఎర్రబడింది మేమే.