కిన్నెర మీద ఏడో మెట్టు

"మైనం ఇంకా పచ్చిగానే ఉండాది. ముట్టబాక. వచ్చి నేనే చూసుకుంటా" అన్నాడు మా ఆయన.

"నీ మైనం ఎవురికి కావాలయ్యా. ఎండగా ఉండాది, తలకు గుడ్డ చుట్టుకొని పో" అన్నాను.

మా ఇద్దరి మధ్య అవే చివరి మాటలు. తీగలు కొనడానికి నెల్లూరు పోయినవాడు అక్కడ ఆటో దిగుతూనే కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

దయ్యాలూ ఆత్మలూ నేను నమ్మను. మా అత్తనూ మా అమ్మనూ ఈ చేతులతోనే కడిగి సాగనంపాను. పోయినవాళ్లు ఎవరూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా మరిది కూతురు సుజాత రాస్తోంది.

మా ఆయన కిన్నెరలు చేసేవాడు. వెదురు బొంగు, దాని కింద మూడు ఎండు సొరబుర్రలు, పైన తీగలు, తీగ కింద వరసగా మెట్లు. తేనెమైనంలో మసి కలిపి ఆ మెట్లను అతికిస్తారు. వాళ్ల తాత కాలంలో తీగలకు నరాలు, మెట్లకు అలుగు అనే అడవి జంతువు పెంకులు వాడేవాళ్లట. ఇప్పుడు అలుగును ముట్టుకుంటే కేసు. అందుకని ఈయన గేదె కొమ్ము అరగదీసేవాడు. కొలత అంటూ లేదు. తీగ మీటి, చెవి ఒగ్గి విని, మైనం మెత్తగా ఉండగానే మెట్టును జరిపి బొటనవేలితో నొక్కేవాడు.

మా మరిదిదీ ఇదే పని. కాకపోతే ఫోన్లో చూసి శ్రుతి పెడతాడు. "అన్నా, నీ ఏడో మెట్టు ఎప్పుడూ వడ్లగింజంత కిందే. ఫోను ఒప్పుకోదు" అనేవాడు. "నా చెవికి చార్జింగు అక్కర్లేదులేరా" అనేవాడు ఈయన.

ఆఖరి కిన్నెర సూళ్లూరుపేటలో భజనలు పాడే పెద్దాయన కోసం చేసినది. పాత తీగ కట్టి మెట్లన్నీ కుదిర్చేశాడు. కొత్త తీగలే తక్కువ.

కర్మ రోజు ఇల్లు కడుగుతూ సామానంతా వాకిట్లో పెట్టాను. దాన్నీ పెట్టాను. అంత ఎండలో మైనం ఏమవుతుందో ఇన్నేళ్లు చూసినదాన్ని, ఆ రోజు బుద్ధి పనిచేయలేదు. చూసేసరికి మైనం కారి, మెట్లన్నీ ఒక పక్కకు జారిపోయాయి. ఆయన చెవి పెట్టిన చోటు ఒక్కటీ మిగల్లేదు.

"ఇట్టియ్యి వదినా, నేను సర్ది పంపిస్తా" అన్నాడు మరిది. ఇవ్వలేదు. మరిది చెయ్యి పడితే అది మరిది కిన్నెర అవుతుంది. మా ఆయనది కాదు. పని గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకున్నాను.

తాళం వేసిన మూడో రోజు మధ్యాహ్నం తలుపు తీస్తే పచ్చి మైనం వాసన. మెట్లు వరసగా నిలబడి ఉన్నాయి.

ముందు తాళం చూశాను. కిటికీ ఊచలు ఊపి చూశాను. తర్వాత మరిది వాళ్లందరినీ భోజనానికి పిలిచాను. మసి మైనం ముడితే నాలుగు రోజులు గోళ్లలో నల్లగా ఉంటుంది. వడ్డిస్తూ ఒక్కొక్కరి గోళ్లే చూశాను.

"ఏంది వదినా, పప్పు పోస్తావా, చెయ్యి చూసి జోస్యం చెప్తావా?" అని మరిది నవ్వాడు. ఆయన గోళ్లు తెల్లగా ఉన్నాయి.

భోజనాలయ్యాక కిన్నెర తెచ్చి ముందు పెట్టాను. ఫోను పక్కన పెట్టుకుని ఒక్కో మెట్టూ మీటాడు. ఏడో దాని దగ్గర ఆగాడు. మళ్లీ మీటాడు.

"కిందుండాది వదినా" అన్నాడు. ఫోను జేబులో వేసుకుని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి వెళ్లాడు.

సూళ్లూరుపేట పెద్దాయన వచ్చి, తెచ్చుకున్న కొత్త తీగలు తానే కట్టుకుని, మీటి చూసి, "ఆయన చెయ్యేనమ్మా" అన్నాడు.  కిన్నెర పట్టుకెళ్లాడు.

అది ఎవరి పనో ఇప్పటికీ నాకు తెలియదు. చిన్నప్పటి నుంచి పెదనాన్న పక్కన కూర్చుని మైనం కాచింది సుజాత ఒక్కతే. ఆ రోజు బంతిలో తన గోళ్లకు మాత్రం ముదురు రంగు వేసి ఉంది. కింద ఏముందో కనపడలేదు. అయితే తాళంచెవి నా నడుము వదల్లేదు. నిద్రలో కూడా.

ఆగినావే సుజాతా? గోళ్ల సంగతి రాసినావా? ఏదీ, మొదటి నుంచి చదువు. ఒక్క ముక్క వదలబాక.